మా ఊరి చెరువులోకి నీళ్లు రావడానికి 22 నెలలు

2024 కనుమ రోజు సాయంత్రం మా పదో తరగతి బ్యాచ్ వాళ్లం పదమూడు మందిమి చెరువు కట్ట మీద చేరాం. చెరువంటే పేరుకే. అలుగు (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు) దాకా చిల్లకంప, మధ్యలో మోకాటి లోతు నీళ్లు, ఆ నీళ్లలో నాలుగు గేదెలు. మా చిన్నప్పుడు మగపిల్లలు, పొలాలకి నీళ్లు వదిలే ఇదే తూము మీద నుంచి దూకి ఈతకొట్టేవాళ్లు. "పూడిక తీయిద్దాం రా, మనిషికో పదివేలు వేసుకుంటే అయిపోద్ది" అన్నాడొకడు. అరిసెలు తింటూ అందరం సరే అన్నాం. రాత్రి పదికల్లా వాట్సాప్ గ్రూపు తయారైంది. తెల్లారేసరికి అందులో 61 మంది.

మాది కనిగిరి వైపు మెట్ట ఊరు. నేను పెళ్లయి ఒంగోలు వచ్చేశాను, ఒక ప్రైవేటు ఆఫీసులో లెక్కలు రాస్తాను. ఆ ఒక్క కారణంతో గ్రూపు ఖజానా నా మెడకు చుట్టుకుంది. ఈమధ్య పక్క ఊళ్లవాళ్లు ఫోన్ చేసి, ఎంతయింది, ఎన్నాళ్లు పట్టింది, కంపెనీ డబ్బు ఎలా వచ్చింది అని అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

మొదటి నెలలో గ్రూపులో 43 మంది పేర్లు రాయించుకున్నారు. మొత్తం 7,35,000 రూపాయలు. చేతికొచ్చింది, అదీ పదిహేను నెలలు అడగ్గా అడగ్గా, 28 మంది దగ్గర 2,90,000. ఎవరి మీదా కోపం లేదు, ఎవరి ఇబ్బందులు వాళ్లవి. కానీ ఒక్కటి మాత్రం బాధగా ఉంటుంది, ఆ కట్ట మీదే, అరిసె చేతిలో ఉండగానే ఫోన్‌పే చేయించుకుని ఉంటే బాగుండేది. ఊరు దాటాక మనసు ఊరిలో ఉంటుంది కానీ డబ్బు ఇంటి అప్పు దగ్గర ఉంటుంది.

అసలు చిక్కు అమెరికా డబ్బుతో వచ్చింది. మా బ్యాచ్‌లో ముగ్గురు అక్కడున్నారు. ఇద్దరిది ఇంకా మన పాస్‌పోర్టే, వాళ్లు తమ జీతంలోంచి పంపితే మామూలు చందానే. మూడోవాడు అక్కడి పౌరుడైపోయాడు. అందరికంటే ఎక్కువ, లక్షన్నర, రాసింది వాడే. వాడి డబ్బు విదేశీ విరాళం కింద లెక్క అన్నారు సీఏ గారు. మామూలుగా అది తీసుకోవాలంటే సంఘానికి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, దానికి సంఘం పుట్టి మూడేళ్లు కావాలి, ఆ మూడేళ్లలో పనుల మీద 15 లక్షలు ఖర్చు చూపాలి, డబ్బు ఢిల్లీ పార్లమెంటు వీధిలోని స్టేట్ బ్యాంకు శాఖ ఖాతాలోనే పడాలి. మా సంఘం అప్పటికి పుట్టనేలేదు. "పోనీ వాళ్లమ్మకి పంపి, ఆమె చేత ఇప్పిస్తే?" అన్నాను. సీఏ గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అమ్మా, నువ్వు లెక్కలు రాసే మనిషివి, నువ్వే ఇలా అంటే ఎలా?" అన్నారు. సిగ్గేసింది. వాడికి ఫోన్ చేసి చెబితే రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "డబ్బు వద్దంటే పని చెప్పండి" అని మెసేజ్ పెట్టాడు. ఆ మాట ఎంత దూరం పోతుందో అప్పుడు నాకు తెలియదు.

సంఘం రిజిస్ట్రేషన్‌కి కనీసం ఏడుగురు కావాలి. ఏడుగురి ఆధార్లు, సంతకాలు పోగుచేయడానికే పన్నెండు రోజులు పట్టింది. మేం పెట్టుకున్న పేరు అప్పటికే వేరేవాళ్లకుందని ఒకసారి తిప్పి పంపారు. మార్చి 11న సర్టిఫికెట్ చేతికొచ్చింది. విచిత్రం ఏమిటంటే రిజిస్ట్రేషన్ కంటే బ్యాంకు ఖాతాకి ఎక్కువ తిరిగాం, పందొమ్మిది రోజులు. పన్ను మినహాయింపుకి సంబంధించిన 12ఏ, 80జీ తాత్కాలిక రిజిస్ట్రేషన్ కోసం ఒకాయన పాతికవేలు అడిగాడు. సీఏ గారు ఆన్‌లైన్‌లో ఫారం నింపారు, మూడు వారాల్లో మెయిల్‌కి వచ్చేసింది, ప్రభుత్వ ఫీజు ఏమీ లేదు. స్టాంపులు, నోటరీ, సీఏ గారి ఫీజు అన్నీ కలిపి మొత్తం 21,500 అయింది.

మార్చి 18న తీర్మానం కోసం పంచాయతీకి వెళ్లాం. రెండు రోజుల ముందే, 16న, ఎన్నికల షెడ్యూలు వచ్చేసింది. "కోడ్ అమ్మా, ఇప్పుడు ఏ కాగితం మీదా సంతకం పెట్టం" అన్నారు సెక్రటరీ. పోలింగ్ మే 13, ఫలితాలు జూన్ 4. ఆ ఎండాకాలం, చెరువు పలకలు పలకలుగా పగిలి ఎండిన ఎండాకాలం, అలాగే పోయింది. పూడిక తీయడానికి ఏడాదిలో దొరికేదే ఏప్రిల్, మే, జూన్ మొదటి వారం. అది తప్పితే మళ్లీ ఏడాది.

ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. ఉపాధి హామీ పనుల కోసం పెట్టిన సభలు అవి. అందులో మా తీర్మానం కూడా చేర్చమని సర్పంచ్ గారిని పట్టుకున్నాం. సభలో ఒక పెద్దాయన లేచి, "పెళ్లయిపోయిన ఆడపిల్లకి ఊరి చెరువుతో ఏం పని?" అన్నాడు. నాకంటే ముందు మా పెద్దమ్మ లేచింది. "ఆడపడుచు పుట్టింటికి చీర అడగడానికి రాలా, నీళ్లు అడగడానికొచ్చింది. ఇయ్యకపోతే నీకే దరిద్రం" అంది. తీర్మానం అయిపోయింది.

ఇక ఇరిగేషన్ ఆఫీసు. వాళ్లడిగింది న్యాయమే, నీటి వినియోగదారుల సంఘం ఒప్పుకోవాలి అన్నారు. కానీ అప్పుడు సంఘాలు లేవు, ఎన్నికలు జరగలేదు. లేని సంఘం తీర్మానం ఎక్కడినుంచి తేవాలి? డిసెంబర్‌లో ఎన్నికలు జరిగి, అధ్యక్షుడు వచ్చాక గానీ ఫైలు కదలలేదు. జనవరి 28న అనుమతి వచ్చింది, షరతులతో. కట్టకి దగ్గరగా తవ్వకూడదు. తూము గడప మట్టం కంటే కిందికి పోకూడదు. పోతే ఆ నీళ్లు తూములోకి ఎక్కవు, గుంటలో ఉండిపోతాయి. మట్టి పొలాలకే పోవాలి, ఇటుక బట్టీలకి కాదు.

ఈలోగా కంపెనీల వెంట పడ్డాం. కాస్త పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చుపెట్టాలని చట్టం ఉంది కదా, మనకీ ఇస్తారులే అనుకున్నాం. సెప్టెంబర్ 10న హైదరాబాద్‌లో ఉన్న ఒక మందుల కంపెనీకి దరఖాస్తు పెట్టాం. మొదటి జవాబే దెబ్బ. ఇలాంటి పనుల్లో మూడేళ్ల అనుభవం లేని సంస్థకి వాళ్లు నేరుగా ఇవ్వకూడదట. అంటే రెండు నెలలు తిరిగి పుట్టించిన మా సంఘం వాళ్ల లెక్కలో ఉయ్యాల్లో పిల్ల. పక్క మండలంలో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న ఒక స్వచ్ఛంద సంస్థని బతిమాలాం. డబ్బు వాళ్ల ఖాతాలో పడుతుంది, పని మేం చూసుకుంటాం, వాళ్లకి 5 శాతం. ఊళ్లో కొందరు ఆ 5 శాతం మీద నెలరోజులు గొణిగారు. తర్వాత వాళ్లు పంపిన బిల్లుల నమూనాలు, హాజరు పుస్తకాలు చూశాక నేనైతే గొణగడం మానేశాను.

దరఖాస్తు కోసమే మా అమెరికావాడికి పని చెప్పాం, చెరువు మ్యాపు గీయమని. వాడు గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల చిత్రాలన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని కూర్చున్నాడు. వారం తర్వాత రాత్రి పదకొండుకి ఫోన్. "ఒసేయ్, వాగు నుంచి చెరువుకి కాలువ ఉండేది కదా, అది రోడ్డు దాటాక కనపడటంలా" అన్నాడు. మర్నాడు ఆదివారం ఊరెళ్లి, మునుపు చెరువుకి నీరుకట్టు, అంటే పొలాలకి నీళ్లు పంచే పని, చేసిన ఇంటి తాతని అడిగాను. ఎనభై దాటాయి ఆయనకి. మంచం మీద నుంచే నవ్వాడు. "చెరువు లోతు తక్కువై ఎండలేదమ్మా. దోవ మూసుకుపోయి ఎండింది. మీరు చెంబు తోముతామంటున్నారు, నీళ్లు పోసేవాళ్లేరీ?"

రోడ్డు కల్వర్టు దగ్గరికి వెళ్లి చూస్తే నీళ్లు పోయే నాలుగు తూరల్లో (గొట్టాల్లో) మూడు కనపడనే లేదు. నాలుగోది పిల్లి దూరేంత.

ఈ సంగతి గ్రూపులో చెబితే ఎవరికీ నచ్చలేదు. అందరి మనసులో ఉన్నది చెరువు, పూడిక, పొక్లెయిన్, ముందు ఫొటో, తర్వాత ఫొటో. కంప కొట్టిన కాలువకి ఫొటో ఏం బాగుంటుంది? "కాలువ తర్వాత చూద్దాంలే" అన్నారు. నేనూ గట్టిగా వాదించలేదు, నిజం చెప్పాలి.

2025 ఫిబ్రవరి 4న కంపెనీ నుంచి ఫోన్. కొన్ని నెలల మౌనం తర్వాత మాట్లాడిన ఆ అమ్మాయి చాలా మర్యాదగా, చాలా తొందరగా మాట్లాడింది. ఆరు లక్షలు ఇస్తాం, మార్చి 31 లోపు ఖర్చయిపోవాలి. స్వచ్ఛంద సంస్థ ఖాతాలో పడితే ఖర్చయినట్టు కాదు, పని జరిగి బిల్లు చెల్లించాలి. "మార్చిలో చెరువులో నీళ్లుంటాయి మేడం, పొక్లెయిన్ దిగదు" అన్నాను. కాసేపు ఆగి, "నీళ్లు లేనిచోట చేసే పని ఏదన్నా ఉందా మేడం?" అంది.

ఉంది. కాలువ.

డబ్బు మార్చి 3న వచ్చింది, చేతిలో 28 రోజులు. 2.3 కిలోమీటర్ల కాలువ. ఎగువ ముక్క ఉపాధి హామీలో కూలీలు చేసేలా గ్రామసభలోనే పెట్టారు. ఆ పనిలో మిషన్లు పెట్టకూడదు, ఒకే పనికి రెండు బిల్లులు కాకూడదు. అందుకని కల్వర్టుని హద్దు చేసుకున్నాం, పైన వాళ్లు, కింద మేము. చిల్లకంప కొట్టించడానికి 60,000 రాసుకున్నాం. బొగ్గు బట్టీలవాళ్లు వచ్చి, "మీరేం ఇవ్వక్కర్లా, మేమే కొట్టుకుని ఎదురు డబ్బిస్తాం" అన్నారు. కంప పంచాయతీది కాబట్టి వేలం పెట్టారు, పంచాయతీకి 18,000 వచ్చింది. ఆ కంప లెక్క ముందే తెలిసుంటే దరఖాస్తులో ఆ 60,000 రాసేవాళ్లమే కాదు.

తూరలు శుభ్రం చేసిన రోజు నేను సెలవు పెట్టి వెళ్లాను. ఇద్దరు కుర్రాళ్లు చెరో పక్క నుంచి పారలు పట్టుకుని పడుకుని లోపలికి పాకారు. ముందు మట్టి, తర్వాత గోనె సంచులు, చీర ముక్కలు, సీసాలు, ఒక పాత బండి చక్రం. చక్రాన్ని తాడు కట్టి ట్రాక్టరుతో లాగితే అది వచ్చేటప్పుడు తూర లోపల్నుంచి ఒక మూలుగు లాంటి చప్పుడు వచ్చింది. చక్రం బయటపడగానే అవతలి కుర్రాడు లోపల్నుంచే "అన్నా, నువ్వు కనపడుతున్నావు" అని కేకేశాడు. రోడ్డు మీద నిలబడ్డవాళ్లంతా ఈలలు వేశారు.

ఖర్చులు ఇలా అయ్యాయి. కాలువకి జేసీబీ 96 గంటలు, గంటకి 1,300 చొప్పున 1,24,800. కల్వర్టు దగ్గర పగిలిన తూర మార్చి, రెండు వైపులా గోడలు కట్టడానికి 1,85,000. కాలువ చెరువులో కలిసేచోట రాతి పరుపు 96,000. తూము షట్టరు, దాన్ని ఎత్తే మర బాగుచేయడానికి 62,000. సంస్థకి 30,000. మార్చి 31 రాత్రికి ఇంకా 1,02,200 మిగిలింది. దాన్ని వెనక్కి పంపేశాం.

దీని మీద జరిగిన గొడవ అంతా ఇంతా కాదు. వచ్చిన లక్ష్మిని వెనక్కి తోలారన్నారు. ఆ లక్షతో ఏదో బిల్లు పెట్టేయొచ్చు కదా అన్నారు, మంచివాళ్లే అన్నారు. నేనే తినేశానని కూడా ఒక మాట నా చెవిదాకా వచ్చింది. ఆ రాత్రి మా ఆయన, "రేపే రాజీనామా చెయ్" అన్నాడు. చేసేదాన్నే. కానీ పుస్తకం ఎవరికి అప్పగించాలో తోచలేదు. తెల్లారి బ్యాంకు చలానా ఫొటో గ్రూపులో పెట్టి ఊరుకున్నాను. కంపెనీ నుంచి మెచ్చుకోలు ఏమీ రాలేదు. ఏప్రిల్‌లో ఒక మెయిల్ వచ్చింది, బోర్డు ఆరడుగులు నాలుగడుగులు ఉండాలి, ఫొటోలో లొకేషన్ పడాలి, లబ్ధిదారుల సంఖ్య రాయాలి అని.

మేలో మా సొంత డబ్బుతో పూడిక మొదలుపెట్టాం. చేతిలో 2,68,500. పొక్లెయిన్ గంటకి 2,400. మిషన్ మే 5న దిగింది, ప్రారంభానికి పెద్దమనిషి వచ్చింది 7న. కదలకుండా ఉన్నా రోజుకి నాలుగు గంటల బాడుగ కట్టాలని అప్పుడే తెలిసింది. కొబ్బరికాయ కోసం 19,200 పోయింది. కొబ్బరికాయ ముందు కొట్టించుకుని మిషన్ తర్వాత తెప్పించుకోండి.

మట్టి తవ్వి పోయడం మాది, తోలుకోవడం రైతులది, ట్రిప్పుకి 350. మొదటి మూడు రోజులూ మట్టి అంతా ట్రాక్టర్లున్న వాళ్ల పొలాలకే పోయింది. ఎవరూ కావాలని చేయలేదు, ట్రాక్టరు ఎవరిదైతే వాళ్లది ముందు నిలబడుతుంది, అంతే. నాలుగో రోజు పొద్దున కాలనీ నుంచి ఒకామె వచ్చి, పొక్లెయిన్ బొచ్చె ముందు నేల మీద సద్దిక్యారియర్ పెట్టి, పక్కనే కూర్చుంది. ఆపరేటర్ ఇంజను ఆపాడు. "నాకున్నది ముప్పావు ఎకరం. ట్రాక్టరు లేదు. ఈ చెరువు మాది కూడా అని సభలో చెయ్యెత్తించుకున్నారు. నా వంతు ఏ రోజో చెప్పండి, లేచిపోతా." మా బ్యాచ్ మగాళ్లు నా వంక చూశారు.

ఆ మధ్యాహ్నం డ్వాక్రా సంఘం లీడరు ఇంట్లో కూర్చుని చీటీలు రాశాం. ట్రాక్టరు లేని 22 కుటుంబాలకి కుటుంబానికి 20 ట్రిప్పులు ముందు, ట్రాక్టరువాళ్లు డీజిలు మాత్రమే తీసుకుని తోలాలి. ఇద్దరు ఒప్పుకోలేదు, వాళ్ల ట్రాక్టర్లకి రెండు రోజులు మట్టి పోయలేదు, తర్వాత ఒప్పుకున్నారు. చీటీలు తీసుకుని పుస్తకంలో రాసే పని ఆ సద్దిక్యారియర్ ఆమెకే ఇచ్చాం. ఒకరోజు రాత్రి ఇటుక బట్టీకి పోతున్న రెండు లోడ్లు పట్టింది కూడా ఆమే.

24న ఆపేసరికి, ఆ ఖాళీ బాడుగతో కలిపి 104 గంటలు, 2,49,600. ట్రిప్పులు 1,640. గ్రూపులో పండగ. నేను ఆఫీసులో కూర్చుని లెక్క వేశాను. ట్రిప్పుకి సుమారు 3 క్యూబిక్ మీటర్లంటే 4,920, అంటే 49 లక్షల లీటర్లు. వినడానికి ఎంత ఘనం! ఎకరానికి రెండంగుళాల తడి ఇవ్వాలంటే రెండు లక్షల లీటర్ల పైన కావాలి. అంటే మేం ఏడాదిన్నర పాటు కలలు కన్న పూడికతీత మొత్తం కలిపి 24 ఎకరాలకి ఒక్క తడి. చెరువు కింద సాగయ్యే ఆయకట్టు 140 ఎకరాలు. మట్టి వల్ల పొలాలకి మేలు జరిగింది, అది కాదనను. కానీ నీళ్ల లెక్క మాత్రం అది. ఆ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకున్నాను, గ్రూపులో పెట్టలేదు.

శిలాఫలకం మీద ఎవరి పేరు ముందుండాలన్న రగడ జూన్, జూలై రెండు నెలలు నడిచింది. రెండు పార్టీలవాళ్లూ తగ్గలేదు. రాయి ఇప్పటికీ సర్పంచ్ గారి పశువుల కొట్టంలో గోడకి ఆనించి ఉంది. కంపెనీ బోర్డు మాత్రం కల్వర్టు పక్కన పాతారు. వాళ్ల డబ్బు పోయింది అక్కడే కాబట్టి. దాని ముందు ఎవరూ ఫొటో దిగలేదు.

ఆగస్టు, సెప్టెంబర్లలో చెరువులో అడుగులోతు నీళ్లు. "ఇంతేనా?" అన్న మెసేజ్‌లు మొదలయ్యాయి. అక్టోబర్ చివర మొంథా తుపాను వచ్చింది. 28 రాత్రంతా ఒంగోలులో కిటికీలు కొట్టుకుంటుంటే నేను చెరువు కట్ట ఆగుతుందా లేదా అని కూర్చున్నాను. కొత్తగా తవ్విన చోట ఏదన్నా తెగితే ఆ పాపం నాదే. 29 పొద్దున వీడియో వచ్చింది, కల్వర్టు మీద నుంచి గొడుగు పట్టుకుని తీసింది. నాలుగు తూరల నిండా ఎర్రనీళ్లు, చప్పుడుకి మాట వినపడటం లేదు. తీసినవాడు "చూడండి, చూడండి" అనడం తప్ప ఏమీ అనలేదు. నేను దాన్ని అమెరికాకి పంపాను. అక్కడ రాత్రి. వాడు జవాబు రాయలేదు, వీడియో కాల్ చేసి ఊరికే కూర్చున్నాడు.

నవంబర్ 2న వెళ్లి చూశాను. అలుగుకి మూరెడు తక్కువ. తాతని మంచంతో సహా ఆటోలో ఎక్కించుకుని కట్ట మీదికి తెచ్చారు మనవళ్లు. ఆయన నీళ్లకేసి చూసి, తూము మర ఎవరి దగ్గరుందని అడిగాడు. ఎవరి దగ్గరా అని మేమందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. మర బాగుచేయించాం గానీ, తాళంచెవి ఎవరికివ్వాలో ఎవరూ అనుకోలేదు.

ఇప్పుడు రెండు తగవులున్నాయి. ఒకటి ఆ తాళంచెవి, ఎగువ రైతులు ఒకరి పేరు, దిగువవాళ్లు ఇంకొకరి పేరు చెబుతున్నారు. రెండోది కాలువ పక్క పొలమాయన. కట్ట ఎత్తు చేయడం వల్ల తన మిరప చేలో నీళ్లు నిలబడుతున్నాయంటున్నాడు. చూశాను, ఆయన చెప్పింది నిజమే. చేతిలో 18,900 ఉన్నాయి. ఒక చిన్న తూర వేస్తే సరిపోతుందేమో. ఆదివారం పొద్దున మొదటి బస్సుకి వెళ్తున్నాను.